లోపం చేతిది కాదు, ఇనుముది

ఒడిశా నుంచి విజయనగరం వచ్చి గేట్లు, గ్రిల్లులు వెల్డింగ్ చేసే మేస్త్రి, కత్తుల పని మొదలెట్టి ఏళ్లు గడిచినా ఆయన కత్తులకు అంచు నిలవడం లేదని మీరు రాశారు. లోపం పనితనంలో లేదండీ. గ్రిల్లు పట్టీలో కార్బన్ 0.2 శాతం దగ్గరే ఉంటుంది, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. లారీ కమాను పట్టీలో (లీఫ్ స్ప్రింగులో) 0.5 నుంచి 0.6 దాకా ఉంటుంది, అది పనికొస్తుంది. కాకపోతే పాత పట్టీల్లో కంటికి కనబడని పగుళ్లుంటాయి. మధ్య బోల్టు రంధ్రం దగ్గరి ముక్క అసలు తీసుకోకూడదు.

వెల్డర్లకు ఇంకో అలవాటుంది: పిడిలోకి వెళ్లే తోకను విడిగా చేసి అతికిస్తారు. అతుకు పక్కన ఉక్కు పెళుసెక్కి, కొబ్బరిబోండాం కొడుతుంటే అక్కడే విరుగుతుంది. తోకా, కోసే రేకూ ఒకే ముక్కలోంచి సాగదీయాలి.

అసలు కష్టం వేడి దగ్గర. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కుకు అయస్కాంతం అంటడం మానేస్తుంది, అదే గుర్తు. ఇంకాస్త ఎక్కనిచ్చి, 830-850 దగ్గర తీసి, 60 డిగ్రీలకు కాచిన నూనెలో నిటారుగా ముంచాలి. నీళ్లలో వేస్తే చీలిపోవచ్చు. అంచు ముందే పలచగా సాన పట్టేస్తే వంకర తిరుగుతుంది, 1 మి.మీ. మందం ఉంచాలి. నూనెలో ముంచిన వెంటనే 200 డిగ్రీల్లో 2 గంటల చొప్పున రెండుసార్లు కాచాలి. తొందరపడి దీన్నే చాలామంది వదిలేస్తారు, అంచు పెచ్చులూడుతుంది. చివరి సానలో అంచు నీలం తిరిగితే ఆ చోటు మెత్తబడినట్టే, మధ్యమధ్య ముంచి చల్లార్చడానికి పక్కన నీళ్ల బకెట్ ఉండాలి.

అన్నట్టు, జింకు పూత ఉన్న ముక్కలు కొలిమిలో పెట్టొద్దని ఆయనకు చెప్పండి. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.