ఘాజీ మునిగిన ఊళ్లో మందుల షాపు

1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మా విశాఖ తీరంలోనే. తూర్పు నౌకాదళానికి కేంద్రం మా ఊరు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిలోకి పిల్లాపాపలతో దూరి, తలకి బొప్పి కట్టించుకుని మరీ బయటికొచ్చే జనం మేం. అంతటి వీరభూమిలో మగాడు వణికే చోటు ఒక్కటే. మందుల షాపు కౌంటరు.

మొన్న ఎంవీపీ కాలనీలో నేనూ ఆ రంగంలోకి దిగాను. షాపులో ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఎదుటి బడ్డీలో రెండు టీలు తాగి, సమయం చూసి దాడి చేశాను.

"ఏటి కావాలి సార్?"

"జండూబామ్."

"ఇంకేటి?"

"ఓఆర్ఎస్. దగ్గు మందు. ఇంకా... అదీ..."

"ఏది సార్?"

సరిగ్గా అప్పుడే మా వీధి మాస్టారు బీపీ మాత్రలకని వచ్చి పక్కన నిలబడ్డారు. "ఏం నాయనా, ఇంట్లో అంతా కులాసాయేనా?" అన్నారు నా దగ్గు మందు చూసి. నిజంగానే దగ్గొచ్చింది.

నోరు తెరిచి "కండోమ్" అని అడగగలిగిన ధీరులూ ఉంటారు. వాళ్ల ప్యాకెట్‌ని కుర్రాడు పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, బాంబులా అందిస్తాడు. ప్లాస్టిక్ వద్దని మా నగరపాలక సంస్థ జీవీఎంసీ మొత్తుకుంటుంది గానీ, పరువు సింగిల్ యూజ్ కాదు కదా!

ఆ తర్వాత ఆ ప్యాకెట్ పర్సులోకి చేరి నెలల తరబడి కాపురం పెడుతుంది. మన ఉక్కపోత, బైకు సీటు మీద ఒత్తిడి, వేడి అన్నీ కలిసి రబ్బరుని లోపలే చంపేస్తాయి. బ్రెడ్డు మీద తేదీ చూసేవాడు దీని మీద చూడడు. పంటితో చింపుతాడు. కొస దగ్గర గాలి నొక్కి తీయడు. సర్వరోగనివారిణి కొబ్బరినూనె రాస్తాడు, అది లేటెక్స్ రబ్బరుని తినేస్తుందని తెలియక. అతి జాగ్రత్తపరుడైతే ఒకదాని మీద ఒకటి రెండు తొడుగుతాడు, అవి ఒరుసుకుని చిరుగుతాయి. ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో వంద జంటల్లో ఇద్దరికే గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో 13 మందికి. ఆ తేడా పదకొండులో కొబ్బరినూనె వాటా కొంత, "ఈ ఒక్కసారికీ" అనే మాట వాటా చాలా.

ఇంత తలనొప్పి ఎందుకని మనవాళ్లు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. ఆవిడకి ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మందికి అయిపోయింది. కండోమ్ మీద ఆధారపడ్డవాళ్లు వందకి ఒక్కరు కూడా లేరు. సర్కారు 1968లోనే నిరోధ్ పేరుతో కండోమ్ తెచ్చింది. ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. మగవాళ్లకి కోతా కుట్టూ లేని వేసెక్టమీ ఆపరేషన్ కూడా ఉంది. కానీ చేయించుకుంటే బరువులు ఎత్తలేమట! ఈ మాట చెప్పిన మా బావ గ్యాస్ సిలిండర్ని ఈ జన్మలో కదిపి ఎరగడు.

ఇంటికొచ్చి కవరు ఇచ్చాను. మా ఆవిడ ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. బామ్, ఓఆర్ఎస్, దగ్గు మందు.

"ఇది మూడో బామ్" అంది.

కూరల సంచీ పట్టుకుని తనే వెళ్లింది. పావుగంటలో వచ్చేసింది. కొత్తిమీర కట్ట మీద, పేపరూ లేకుండా, కవరూ లేకుండా ప్యాకెట్.

"మాస్టారు ఇంకా అక్కడే ఉన్నారు. నీ దగ్గు తగ్గిందా అని అడిగారు."