జీతాల పట్టికలో నాలుగు మెట్లు

1930ల చివర్లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం నార్‌ఫోక్‌లో, హైస్కూల్లో కొత్తగా చేరే టీచర్ల కనీస వార్షిక జీతాలు ఇవి: తెల్లజాతి పురుషులకు 1,200 డాలర్లు, తెల్లజాతి మహిళలకు 970, నల్లజాతి పురుషులకు 784.50, నల్లజాతి మహిళలకు 699. పీఆర్సీ కాగితాలు తిరగేసే అలవాటున్న మన టీచర్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. వివక్షను దాచుకోవాలని కూడా ఎవరికీ అనిపించలేదు. గడులు కట్టి మరీ రాసుకున్నారు.

మొదట కోర్టుకెక్కింది ఆ అట్టడుగు గడిలోని కెమిస్ట్రీ టీచర్ అలీన్ బ్లాక్. ఆమె తరఫు లాయర్లలో, తర్వాత అమెరికా సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్ ఒకరు. 1939లో స్కూల్ బోర్డు ఆమె కాంట్రాక్టును పొడిగించలేదు. ఉద్యోగమే లేనప్పుడు జీతం కేసు ఎక్కడిది? మెల్విన్ ఆల్‌స్టన్ అనే సహోపాధ్యాయుడు పోరాటాన్ని అందుకున్నాడు. జాతిని బట్టి జీతం ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని 1940లో అప్పీలు కోర్టు తేల్చింది. కేసు ఆయన పేరుతోనే నిలిచింది. ఆమెను 1941లో తిరిగి తీసుకున్నారు.

నాకు ఆసక్తిగా అనిపించేది కోర్టు ముందుకు రాని సంగతి. తెల్లవాళ్లలో ఆడ, మగ టీచర్ల మధ్య 230 డాలర్ల తేడా ఉంది. దాని గురించి ఆ కేసు అడగలేదు. జాతి గోడ కూలినా అలీన్ బ్లాక్‌కు ఇంకో గోడ మిగిలే ఉంటుందన్నమాట.

తర్వాత 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పు నల్ల, తెల్ల పిల్లలను ఒకే బడిలో కూర్చోబెట్టమంది. టీచర్ల సంగతి? తీర్పు రాకముందే, 1953లోనే, ఆ కేసు మొదలైన కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా విద్యాధికారి ఒక నల్లజాతి టీచర్‌కు ఉత్తరం రాశాడు. తెల్ల పిల్లలకు పాఠాలు చెప్పడానికి నల్లజాతి టీచర్లను పెట్టుకోవడం ఊళ్లో ఎక్కువమందికి ఇష్టముండదని దాని సారాంశం. 1965 నాటికి దక్షిణాదిలో, ఉత్తర దక్షిణాల మధ్య సరిహద్దు రాష్ట్రాల్లో సుమారు 38,000 మంది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారని అంచనా.

ఇప్పుడు అమెరికా ప్రభుత్వ బడుల్లో నాలుగింట మూడొంతులకు పైగా టీచర్లు మహిళలే. నల్లజాతి పురుషులు రెండు శాతం కూడా లేరు. ఆ కొద్దిమందిని బడి వాడుకునే తీరు చూడాలి. అల్లరి పిల్లాడు ఎవరి క్లాసులో గొడవ చేసినా వీళ్ల దగ్గరికే పంపుతారు. పాఠం చెప్పడానికి వచ్చినవాడు కాపలాదారు అవుతాడు. అప్పట్లో అమెరికా విద్యాశాఖ మంత్రిగా ఉన్న జాన్ కింగ్ 2016లో దీన్ని ‘కనిపించని పన్ను’ అన్నారు. నేటి జీతాల పట్టికలో సర్వీసు, డిగ్రీలే కనిపిస్తాయి. ఈ అదనపు చాకిరీకి అందులో గడి లేదు.