సాగునీటి సంఘం ఎన్నికకు ముందే ఈ రెండు కాగితాలు చూడండి

సాగునీటి సంఘం, అంటే ఒక కాలువ లేదా చెరువు కింది రైతులు నీళ్ల పంపకం చూసుకునే సంఘం, అనగానే మనవాళ్లకు అధ్యక్షుడెవరన్నదే ముఖ్యం. కానీ ఎన్నిక నాటికి సగం వ్యవహారం తేలిపోయి ఉంటుంది. ఆయకట్టు మ్యాపు, ఓటర్ల జాబితా తయారయ్యేటప్పుడు ఎవరూ ఆఫీసు గడప తొక్కరు. తర్వాత కాలువ చివరనుండే శివారు పొలాలు ఎండిపోయాయని రోడ్డెక్కుతారు.

1997లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన చట్టం ప్రకారం సంఘం హద్దు నీరు పారే తీరును బట్టి ఉండాలి. ఊరి పొలిమేరతో పనిలేదు. చిన్నతరహా చెరువు కింద వీలైనంతవరకు ఆయకట్టంతా ఒకే సంఘం. పెద్ద ప్రాజెక్టుల్లో సంఘాల పైన డిస్ట్రిబ్యూటరీ (ఉపకాలువ) కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ. ఒకే ఊరి పొలాలు రెండు కాలువల కింద ఉంటే ఆ ఊరు రెండు సంఘాల్లోకి వెళ్తుంది, వెళ్లాలి కూడా. ఊరంతా కలిసుండాలని హద్దు మార్పించుకుంటే మీ పిల్లకాలువకు నీళ్లు వదిలే తూము పక్క సంఘం చేతికి పోతుంది. ఇక వంతులు ఎవరు నడపాలి?

2003 సవరణ తర్వాత భారీ, మధ్యతరహా కాలువల కింద సంఘానికి 12, చిన్నతరహాలో 6 ప్రాదేశిక నియోజకవర్గాలు, అంటే కమిటీకి ఒక్కో సభ్యుణ్ణి పంపే భాగాలు. శివారు పొలాలను తెచ్చి ఎగువ పొలాలతో ఒకే నియోజకవర్గంలో కలిపేస్తే చివరి రైతుకు కమిటీలో గొంతే ఉండదు. మ్యాపు మీద తూముల వరసను వేలితో పట్టుకుంటూ వెళ్లండి, ఏ నియోజకవర్గం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక జాబితా. నాకు అన్నిటికంటే కడుపు మండేది దీని దగ్గరే. చట్టం కౌలు రైతును కాదనలేదు. భూమి హక్కుల రికార్డులో యజమాని, కౌలుదారు ఇద్దరి పేర్లూ ఉంటే సభ్యత్వం కౌలుదారుకే అంది. ఎంత మంచి మాట! కానీ మన దగ్గర కౌలంతా నోటి మాట మీదే నడుస్తుంది, రికార్డులోకి ఎక్కదు. ఆంధ్రలో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలది, దానికీ యజమాని సంతకం కావాలి. దాంతో పేరు హక్కుల రికార్డులోకి రాదు. డెల్టాలో మడిలో దిగి నీళ్లు కట్టేవాడికి ఓటు లేదు, పట్నంలో ఉండే పట్టాదారుకు ఉంది. పట్టా భర్త పేరిట ఉన్నంతకాలం నాట్లేసే ఆడవాళ్లదీ అదే గతి. పైగా చనిపోయినవాళ్ల పేర్లు అలాగే ఉండిపోతాయి. ఫౌతి మార్పు (చనిపోయినవారి పేరు తీసి తమ పేరు ఎక్కించడం) చేయించుకోని వారసులు ఎన్నిక రోజు వచ్చి పోట్లాడితే ఏం లాభం? ముసాయిదా జాబితా అంటించినప్పుడే సర్వే నంబరు పట్టుకుని రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి.

ఆంధ్రలో 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి, కమిటీలు వచ్చాయి. కానీ నీటి తీరువాలో, అంటే సాగునీటి పన్నులో, వాటా అందకపోతే సంఘానికి చేతిలో పైసా ఉండదు. మొదట్లో భారీ ప్రాజెక్టుల కింద వరి ఎకరానికి 200 రూపాయల తీరువా అయితే అందులో 100 సంఘానికి, 40 డిస్ట్రిబ్యూటరీ కమిటీకి, 40 ప్రాజెక్టు కమిటీకి, 20 పంచాయతీకి అని పంచారు. వసూలు సరిగా లేక, వసూలైంది వెనక్కి రాక సంఘాలు పనుల కోసం ప్రభుత్వం వైపు చూస్తూ కూర్చున్నాయి. అక్కడే అధ్యక్షుడు మెల్లగా కాంట్రాక్టరుగా మారాడు. ఇది చట్టంలో ఎక్కడా లేదు, మనం చూస్తూ ఊరుకుంటే పుట్టుకొచ్చింది.

కాబట్టి పూడికతీత అంటే ఒక్క సంగతి పట్టుకోండి. పని మొదలుకాకముందు కాలువ అడుగు లెవెల్స్ (ఎత్తు కొలతలు) తీయాలి, అయ్యాక మళ్లీ తీయాలి, రెండూ కొలతల పుస్తకంలో ఎక్కాలి. ఒక్కసారి నీళ్లు వదిలారంటే ఎంత మట్టి తీశారో ఎవరూ తేల్చలేరు. అందుకే పని తాపీగా సాగి, నీళ్లొచ్చే వారం ముందు హడావుడిగా పూర్తవుతుంది. బిల్లు పెట్టే ముందు రెండో లెవెల్స్ ఏ తేదీన తీశారో సర్వసభ్య సమావేశంలో చదివించి, ఆ తేదీని తీర్మానంలో రాయించండి.