కింద పడ్డ కెమెరాకు ఇంటి వైద్యం

డిజిటల్ కెమెరా చేతిలోంచి జారి నేల మీద పడిన మరుక్షణం "ఏం కాలేదులే" అనే ప్రకటన వెలువడుతుంది. ఈ ప్రకటన చేసేది ఎప్పుడూ దాన్ని పడేసినవారే కావడం గమనార్హం. డబ్బు పెట్టి కొన్నవారి నుంచి ఇలాంటి ప్రకటన వచ్చినట్టు ఇంతవరకు దాఖలాలు లేవు.

తర్వాత స్విచ్ నొక్కి చూస్తారు. చిన్న కాంపాక్ట్ కెమెరా అయితే లెన్స్ సగం దాకా బయటికి వచ్చి, రెండుసార్లు గిర్రుమని మూలిగి, అక్కడే ఆగిపోతుంది. తెర మీద లెన్స్ ఎర్రర్ అని పడుతుంది. అందరి మొహాలూ వాడిపోయిన ఆ సమయంలో ఇంట్లో ఒకే ఒక్కాయన కళ్లు మెరుస్తాయి. బుల్లి స్క్రూడ్రైవర్ల సెట్టు కొనిపెట్టుకుని, దానికి ఇంతకాలం పని దొరక్క అల్లాడిపోతున్న మనిషి ఆయన.

సొంతంగా బాగు చేసుకోవాలా వద్దా అన్నది బాగా ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయమని కొందరంటారు. అపోహ. ఆ సెట్టు కొన్న రోజే విషయం తేలిపోయింది. ఇప్పుడు నడిచేదంతా కారణాలు వెతికే కార్యక్రమం. వారంటీ ఉందా? కింద పడితే మామూలుగా వర్తించదు కాబట్టి విప్పవచ్చు. అయిపోయిందా? ఇక అడిగేదెవరు, విప్పవచ్చు. సర్వీస్ సెంటర్ వాళ్లు ఖర్చు ఎక్కువవుతుందన్నారా? విప్పాల్సిందే. తక్కువే అన్నారా? అంత తక్కువకు అయిపోయే పని మనకు మాత్రం రాదా?

నిజానికి లోపల జరిగింది చాలాసార్లు చిన్నదే. లెన్స్ గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. లోపలి గొట్టానికున్న బుల్లి పిన్నులు బయటి గొట్టంలోని ఏటవాలు గాళ్ల వెంట జారుతూ దాన్ని ముందుకూ వెనక్కూ నడుపుతాయి. దెబ్బకు ఒక పిన్ను గాడి తప్పితే గొట్టం ఓరగా ఇరుక్కుంటుంది. ఏ వైపు ఒరిగిందో చూసి వేళ్లతో మెల్లగా సర్దితే, అదృష్టం బాగుంటే, టిక్కుమని కూర్చుంటుంది. అసలు ఆన్ కాకపోతే ఒక్కోసారి బ్యాటరీ మూత సరిగా పడకపోవడమే జబ్బు. కానీ ఇలాంటి వైద్యాన్ని మన నిపుణుడు ఒప్పుకోడు. విప్పకుండా నయమైతే అది జబ్బే కాదని ఆయన సిద్ధాంతం.

విప్పుతాడు. చూడ్డానికి స్క్రూలన్నీ ఒకేలా ఉంటాయి, పొడవులు మాత్రం వేరు. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అది లోపల దేన్ని పొడుస్తుందో దేవుడికెరుక. పైగా జపాన్ కెమెరాల్లో చాలావాటికి ఆ దేశపు జేఐఎస్ ప్రమాణం స్క్రూలుంటాయి. మామూలు ఫిలిప్స్ (ప్లస్ ఆకారపు) స్క్రూడ్రైవర్ మొన వాటిలో పూర్తిగా దిగదు. బలం చూపిస్తే తల అరిగిపోతుంది, స్క్రూదే అనుకోండి.

ఫ్లాష్ దగ్గర చిన్న గొట్టంలా, కరెంటును నిలవ చేసే కెపాసిటర్ ఒకటి ఉంటుంది. దాంట్లో 300 వోల్టుల దాకా నిలవ ఉండవచ్చు. బ్యాటరీ తీసేశాక కూడా ఆ చార్జి వెంటనే పోదు. ఈ ఒక్క చోట వ్యంగ్యం పక్కన పెడుతున్నాను: దాన్ని డిశ్చార్జి చేయడం తెలియనివారు ఫ్లాష్ ఉన్న కెమెరాను విప్పకండి.

లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాలది ఇంకో బాధ. లెన్స్ బిగించే మౌంట్ నుంచి, బొమ్మ పడే సెన్సర్ దాకా దూరం కెనాన్ వారి ఈఎఫ్ రకం మౌంట్‌లో 44 మిల్లీమీటర్లు, నికాన్ వారి ఎఫ్ రకంలో 46.5. ఇది అన్ని వైపులా ఒకేలా ఉండాలి. పడ్డ దెబ్బకు మౌంట్ కంటికి కనిపించనంత ఒంగినా చాలు, గ్రూప్ ఫొటోలో ఎడమ వైపు చుట్టాలు స్పష్టంగా, కుడి వైపు చుట్టాలు మసగ్గా వస్తారు. అప్పుడు యజమాని దాన్ని తన కొత్త శైలి అంటాడు. కుడి వైపు వాళ్లు నమ్మరు.

1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోల పైనే బరువుండేది. ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. అది కింద పడితే నేలకు రిపేరు చేయించాల్సి వచ్చేది. ఆ తర్వాత కెమెరాలు చిన్నవయ్యాయి, లోపలి రిబ్బన్ కేబుళ్లు కాగితంలా పల్చబడ్డాయి, వాటి క్లిప్పులు గోటితో ముట్టుకుంటే విరిగేంత సున్నితమయ్యాయి. మన వేళ్లు మాత్రం 1975 సైజులోనే ఉండిపోయాయి.

చివరికి కెమెరా అమ్మకానికి వెళ్తుంది. రాత్రుళ్లు మేలుకుని, భూతద్దం పెట్టి, దాని ప్రతి అవయవాన్నీ పరామర్శించిన మనిషే ప్రకటనలో "పనిచేస్తుందో లేదో పరీక్షించలేదు, స్పేర్ పార్టులకు పనికొస్తుంది" అని రాస్తాడు. మర్నాడే ఫోన్ వస్తుంది. అవతల ఇంకో స్క్రూడ్రైవర్ల సెట్టు.

"స్క్రూలన్నీ ఉన్నాయి కదండీ?"

"అన్నీ ఉన్నాయండీ. మూడు మాత్రం విడిగా కవర్లో వేసి పంపిస్తున్నా."