తేడా తెలుస్తోందా మేష్టారూ?

విజయవాడలో అద్దె ఇంటికి వెళ్లేవాడు కొన్ని జవాబులు ముందే సిద్ధం చేసుకోవాలి. శాకాహారులేనా, పిల్లలెందరు, చుట్టాలు ఎక్కువా, మోటారు ఎవరు వేస్తారు, బండి ఎక్కడ పెడతారు. సత్యనారాయణపురంలో మా ఓనరుగారు ఇవేవీ అడగలేదు. "మీ చెవులు బాగా పనిచేస్తాయా?" అన్నారు. కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి, ఆఖరి బెంచీ గుసగుసలు కూడా వినబడతాయన్నాను. అడ్వాన్సులో ఒక నెల తగ్గించి మరీ తాళాలు చేతిలో పెట్టారు. అంత మంచితనం ఊరికే రాదని మా ఆవిడ అప్పుడే అంది.

ఓనరుగారు రైల్వేలో టికెట్ల వైపు పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా బెజవాడ జంక్షన్ అనౌన్స్‌మెంట్ల కింద గడిపిన మనిషికి స్వచ్ఛమైన శబ్దం మీద మోజు పుట్టిందంటే అందులో న్యాయం ఉంది. మొగల్రాజపురంలో ఒక డాక్టరుగారి పాత ఇంటిని అపార్ట్‌మెంట్లకి ఇచ్చేస్తూ వారసులు సామాను అమ్ముకుంటుంటే, ఆయన అమెరికా నుంచి 1970లలో తెచ్చుకున్న స్పీకర్ల జత ఈయన కంటబడింది. ఒక్కో పెట్టె పాతిక కిలోలకి తక్కువుండదు. నా నడుం సాక్ష్యం. కంపెనీ పేరు నేను చెప్పను. ఓనరుగారు పాలవాడితో సహా అందరికీ చెప్పారు కాబట్టి మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు.

పెట్టెలు దింపిన రోజే నాకు వాటి వంశచరిత్ర చెప్పారు. మంచి బాస్, అంటే లోతైన కింది స్వరాలు, కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాలనుకునే కాలంలో, 1954లో, ఎడ్గర్ విల్చర్ అనే ఆయన పెట్టెని ఎక్కడా సందు లేకుండా మూసేసి, లోపల ఇరుక్కున్న గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడట. దాంతో పుస్తకాల అరలో పట్టే పెట్టెలోంచి పాతాళం దాకా దిగే బాస్ వచ్చింది. ఆయన కంపెనీవాళ్లు కచేరీలు కూడా పెట్టేవారు. వేదిక మీద వయొలిన్లవాళ్లు వాయిస్తూ వాయిస్తూ, మధ్యలో ఆపేసి కమాన్లు ఊరికే ఆడిస్తుంటే, స్పీకర్లు అందుకునేవి. ఎక్కడ మారిందో సభలో చాలామందికి అంతుపట్టేది కాదు. మన పెళ్లి రిసెప్షన్ల ఆర్కెస్ట్రాల్లోనూ ఈ పద్ధతి ఉంది గానీ, ఇక్కడ చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

కథ ముగించి, ముందున్న గుడ్డ ఊడదీసి, ఓనరుగారు బాస్ పలికే పెద్ద వూఫర్ అంచు మీద ఆప్యాయంగా వేలు పెట్టారు. పూతరేకులా పొడైపోయి చేతికొచ్చింది. వూఫర్ ముందుకీ వెనక్కీ ఆడటానికి చుట్టూ ఫోమ్ అంచు ఒకటి ఉంటుంది. ఆ పాత రకం ఫోమ్ తేమకీ వేడికీ పదిపదిహేనేళ్లలోనే చివికిపోతుంది. కృష్ణ ఒడ్డున అది ఇన్నాళ్లు ఆకారంలో ఉండటమే గొప్ప.

"పాపం, అమెరికావాళ్లకి రోహిణి కార్తె సంగతి తెలీదుగదా మేష్టారూ" అన్నారు ఓనరుగారు, వేలు పంచెకి తుడుచుకుంటూ.

మన ఆటోనగర్లో లారీని నిలువునా విప్పి ఇంకో లారీ కింద బిగించగలరు, వాళ్లకి స్పీకరు ఒక లెక్కా అని అక్కడికి పట్టుకెళ్లారు. లారీ సీట్లు కుట్టే కుర్రాడు రెగ్జిన్ కత్తిరించి, గట్టి జిగురు వేసి, జన్మలో ఊడదని హామీ ఇచ్చాడు. హామీ నిలబెట్టుకున్నాడు, ఊడలేదు. కదలనూ లేదు. ఇంటికి తెచ్చి రికార్డు పెట్టారు. మృదంగం అందుకోగానే ఓనరుగారి భార్య పిన్నిగారు వెళ్లి వీధి తలుపు తీసి, ఎవరూ లేరేమిటని అటూ ఇటూ చూసి వచ్చారు. చివరికి విదేశాల నుంచి సరైన ఫోమ్ రింగులు తెప్పించి అతికించారు. ఆ రెగ్జిన్ని పీకడానికి పట్టిన శ్రమ గురించి చెప్పుకుంటే కొత్త శత్రుత్వాలు మొదలవుతాయి.

అసలు నా ఉద్యోగం ఆంప్లిఫైరుతో మొదలైంది. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులదే కావాలన్నారు. 8 వాట్లది దొరికింది. ఈ రకం ఆంప్లిఫైరు పాటున్నా లేకపోయినా ఒకే తీరున కరెంటు తాగి ఒకే తీరున వేడి కక్కుతుంది. క్లాస్ ఏ అంటారు. పోనీ, వేడైతే వేడి, సౌండు వస్తుందా అంటే, గాలి బిగించిన ఆ పెట్టెలు మహా తిండిపోతులు. 8 వాట్లు వాటికి తాంబూలానికి కూడా చాలవు. ఎంత పెంచినా పైన తిరిగే ఫ్యాను చప్పుడే గెలుస్తుంది.

కాబట్టి ఫ్యాను ఆపాలి. ఏలూరు రోడ్డు హారన్లు రాకుండా కిటికీలు మూయాలి. పక్కింటి కుక్కర్ కూతలు రాకుండా తలుపూ వేయాలి. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, బయట 44 డిగ్రీలు. లోపల నాలుగు వాల్వులు ఎర్రగా కాలుతుంటే, గది మధ్య కొలిచి గీసిన సుద్దగీత మీద కుర్చీ, కుర్చీలో నేను. ఆ గీత దాటి జరిగితే స్టీరియో చెడిపోతుందట. చెమట కనుబొమ మీదికొచ్చి ఆగింది. తుడుచుకుంటే కుర్చీ కిర్రుమంటుంది. రికార్డు బాలమురళీకృష్ణగారిది. ఆయన ఈ ఊళ్లో సంగీత కళాశాలకి ప్రిన్సిపాలుగా ఉన్నారు కాబట్టి, ఆయన గొంతు తప్పుగా పలికితే ఊరికే అవమానమని ఓనరుగారి అభిప్రాయం. చెమట చుక్క ముక్కు మీదికి జారింది. అప్పుడాయన ముందుకి వంగి, గుసగుసగా అడిగారు.

"తేడా తెలుస్తోందా మేష్టారూ?"

దేనికీ దేనికీ తేడా అని అడగాల్సింది. అడిగితే రెండోది కూడా వినిపిస్తారు. "ద్రాక్షాపాకం బాబాయిగారూ" అనేశాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ ఆ అనుభవానికి మాట దొరక్క అల్లాడిపోయారట. వెంటనే రైల్వేవారి పాత డైరీ తీసి, 'వాల్వు – ద్రాక్ష' అని రాసుకున్నారు. కావ్యపాకాలు మూడని, నోట్లో వేసుకోగానే రసం ఊరేది ద్రాక్ష, తొక్క వొలవాల్సింది కదళి, పీచు తీసి చిప్ప పగలగొట్టాల్సింది నారికేళమని నేను ఇంటర్ పిల్లలకి ఏళ్ల తరబడి చెప్పాను. ఒక్కడూ ఇంత శ్రద్ధగా రాసుకోలేదు.

సౌండు రెట్టింపైందని చెవికి తోచాలంటే వాట్లు పదింతలు కావాలి. ఈ లెక్క ఎవరో ఆయనకి చెప్పారు. 8 వాట్లది అటకెక్కి 100 వాట్ల ట్రాన్సిస్టరు ఆంప్లిఫైరు దిగింది. మా ఇంట్లో గిన్నెల స్టాండు కింద నడుస్తున్న తాళాన్ని పొల్లుపోకుండా వేయడం మొదలెట్టింది. ఆ కోపంలో ఉండగా అభిప్రాయం అడిగితే, "కాస్త నారికేళపాకం" అన్నాను. ఆ మాట ఖరీదు తర్వాత తెలిసింది.

ఓనరుగారికి నిద్ర పట్టలేదు. పీచు ఎక్కడుందో వెతికారు. తాళాలు, మంజీరాలు, తంబురా మీద ఆడే ఆ సన్నటి జీర, ఇవేవీ పైకి రావడం లేదని తేల్చుకున్నారు. అంతవరకూ నిజమే. కారణం మాత్రం వైరన్నారు. ఆంప్లిఫైరు నుంచి స్పీకర్లకి వెళ్లే ఎరుపూ నలుపూ మామూలు వైరు ట్రెబుల్‌ని, అంటే ఆ పై స్వరాల్ని, దారిలోనే మింగేస్తోందట. వెండి పూత పూసిన రాగి వైరు తెప్పించారు. 18 వేలు. మూడు మీటర్లు. పిన్నిగారు ధర విని ఏమీ అనలేదు. చెవి కమ్మలు ఒకసారి తడిమి చూసుకుని లోపలికి వెళ్లారు.

ఆవిడ ధోరణి వేరు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, ఆవిడ వంటింటి ట్రాన్సిస్టరు అంతకన్నా కొంచెమే చిన్నదనిపిస్తుంది. పొద్దున్నే భక్తిరంజని పెట్టుకుని, అన్నం వార్చుకుంటూ, ప్రతి కీర్తనా తనూ పాడేస్తారు. ఆ ఇంట్లో పాట విన్నది నాకు తెలిసి ఆవిడొక్కరే. ఓనరుగారు స్పీకర్లనే వినేవారు.

వెండి వైరు బిగించిన సాయంత్రం సభ తీర్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుడు, పక్కింటి ఎల్ఐసీ ఏజెంటు, నేను. మా అద్దె అగ్రిమెంటు తిరగరాయాల్సిన నెల అది.

"తాళం మెరుపు చూశారా మావయ్యగారూ, కళ్ల ముందు కనబడుతోంది" అన్నాడు అల్లుడు. వాడికి కారు కొనే ఆలోచన ఉంది.

"ఇన్నాళ్లూ దుప్పటి కప్పి విన్నామండీ" అన్నాడు ఏజెంటు.

అందరూ నా వైపు చూశారు. "కదళి దాటాం బాబాయిగారూ. ఇక ద్రాక్షే" అన్నాను. అద్దెకున్నవాడి రసజ్ఞతకి హద్దులుండవు. అగ్రిమెంటులో పెంపు ఆ ఏడు నామమాత్రమే.

తర్వాత ఒక శుక్రవారం రికార్డు తిరుగుతుండగానే పిన్నిగారు హాలు దులుపుతున్నారు. ఆ స్పీకర్ల వెనక రెండేసి నాబ్‌లుంటాయి, ఒకటి మధ్య స్వరాలకి, ఇంకోటి పై స్వరాలకి. వాటి సందుల్లో దుమ్ము తీయాలని గుడ్డతో అటూ ఇటూ గట్టిగా తిప్పారు. బరబరబర మంది. వెంటనే గది మధ్యలో 'టింగ్' మని తాళం మోగి ఆగిపోయింది. ఆవిడ మళ్లీ తిప్పారు. మళ్లీ టింగ్.

"ఏమండోయ్, దీంట్లో తాళం కూడా ఉందండీ!" అని కేకేశారు.

గవర్నర్‌పేట సందులోంచి మెకానిక్కు వచ్చాడు. టేపురికార్డర్ల కాలం నుంచి సోల్డరింగ్ పొగ పీల్చిన పెద్దమనిషి. రికార్డు పెట్టించి, దినపత్రికని గొట్టంలా చుట్టి, ఒక కొస చెవిలో, రెండో కొస పై స్వరాలు పలకాల్సిన చిన్న ట్వీటర్ ముందు పెట్టి విన్నాడు. రెండో పెట్టె దగ్గరా అలాగే విన్నాడు. గొట్టం తీసి నాకిచ్చాడు.

"రెండూ పలకట్లేదండీ."

"ఎప్పటి నుంచి?" అన్నారు ఓనరుగారు.

"మీరు కొనకముందు నుంచే అయ్యుంటుంది."

వూఫర్ విప్పి, ఆ కంత లోంచి నాబ్ వెనకున్న కంట్రోల్ బయటికి లాగి, అరచేతిలో పెట్టి చూపించాడు. గుండ్రటి పింగాణీ మీద తీగ చుట్ట, దాని మీద జారాల్సిన ఇత్తడి నాలుక, రెంటి మధ్యా దట్టంగా పచ్చటి చిలుము. కరెంటు అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది. పెట్టె పాతబడితే ఇది మామూలేనన్నాడు. "వైరు సన్నది కాకుంటే చాలండి, మూడు మీటర్లకి ఇంకేం తేడా వస్తుంది" అని కూడా అన్నాడు. వెండి వైరు అప్పటికతని మోకాలి కింద ఉంది.

ఓనరుగారు నా వైపు చూశారు. గోడ మీది క్యాలెండరులో ఆరోజు వర్జ్యం ఎప్పుడో నాకు చాలా అవసరమైంది.

చిలుము గీకి, స్ప్రే కొట్టి, అన్నీ బిగించి పాట పెట్టాడు. నిజంగా మారింది. తంబురా తీగ మీద జీర ఆడుతోంది. గాయకుడు ఊపిరి తీసుకున్నది తెలిసింది. మెట్ల మీద ఉన్న మా అమ్మాయి చెవులు మూసుకుని "నాన్నా, గీకుతోంది" అంది. పిన్నిగారు వంటింట్లోంచే, "ఆ సూది గీతలన్నీ వినబడుతున్నాయి, కాస్త తగ్గించండి" అన్నారు. మెకానిక్కు వేళ్లతో తాళం వేస్తున్నాడు.

ఓనరుగారు సుద్దగీత మీది కుర్చీలో కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు. ఆయనకి డెబ్భై దగ్గర పడుతున్నాయి. వయసుతో పాటు చెవి ముందు వదులుకునేది ఆ పై స్వరాలనే. కళ్లు తెరిచి, "వైరు మార్చినప్పుడొచ్చిన తేడా ముందు ఇదెంతలే" అన్నారు.

మెకానిక్కు ఆరొందలడిగాడు.

"తుడిచినందుకు ఆరొందలా? ఇంకా నయం!" అని ఓనరుగారు లేచారు. చిలుము ఎంత, స్ప్రే ఎంత, రానూపోనూ ఆటో ఎంత అని విడివిడిగా లెక్క కట్టి, అయిదొందలకి తెగ్గొట్టారు. మెకానిక్కు సంచీ సర్దుకుంటూ, మూలన చుట్టచుట్టి పడేసిన పాత ఎరుపూ నలుపూ వైరు చూశాడు.

"అది పడేసేదైతే ఇవ్వండి సార్, షాపులో పనికొస్తుంది."

ఓనరుగారు ధారాళంగా ఇచ్చేశారు. అతను గేటు దాటుతుంటే మాత్రం మనసొప్పక వెనకాలే వెళ్లి చెప్పారు.

"తీసుకెళ్లు గానీ, చూసి వాడుకోవయ్యా. దాంట్లో ట్రెబుల్ రాదు."