మందు ట్యాంకు గారికి ఒక పెరటి యజమాని విన్నపం

మహారాజశ్రీ పదహారు లీటర్ల మందు ట్యాంకు గారికి, గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కరించి వ్రాయునది.

నిన్న మధ్యాహ్నం నేను బ్యాంకులో టోకెను పట్టుకుని కూర్చున్న రెండు గంటల్లో తమరు మా పెరట్లోకి వేంచేసి, కరివేపాకు చెట్టుకు చిగురు నుంచి మొదలు దాకా అభిషేకం చేసి వెళ్లారని తెలిసింది. మేడమీద అద్దెకుండే కుర్రవాడు తన మల్లెకుండీల కోసం తమరిని పిలిపించాడట. "చెట్టు నిండా పురుగులే బాబాయి గారూ, ఎలాగూ మందు మిగిలిందని కొట్టించేశాను, మీరు డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు. నేను కృతజ్ఞతలు కూడా చెప్పవలసి వచ్చింది.

ఆ పురుగులు తొమ్మిది. రోజూ ఉదయం కాఫీ గ్లాసుతో వెళ్లి లెక్కపెట్టేవాణ్ణి గనుక చెబుతున్నాను. అవి నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. నిమ్మజాతి చెట్లనూ కరివేపాకునూ వెతుక్కుని ఆ తల్లి గుడ్లు పెడుతుంది. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉండి పిట్టలనే ఏమారుస్తాయి. చివరి దశలో ఆకుపచ్చగా మారి, వేలితో తాకితే తల వెనుక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటపెట్టి, ఘాటు వాసనతో బెదిరిస్తాయి. తమరి గొట్టానికి కూడా ఆ కొమ్ములు చూపించే ఉంటాయి, పిచ్చి ముండలు. వాటి నోటి దగ్గర కూడు తీయలేక మా ఆవిడ, పెరట్లో చెట్టు పెట్టుకుని, చారులోకి పది రూపాయల కట్ట బజారులో కొంటోంది; ఈ మాట చుట్టాల్లో పొక్కితే మా పరువేమవుతుందో తమరికి తెలియదు. అంతటి త్యాగాన్ని కూరలో కరివేపాకులా తీసిపారేశారు.

మట్టికి ఊపిరాడకుండా పరుచుకున్న పార్కింగ్ టైల్సుకూ, ఎండుటాకు కనబడగానే అగ్గిపుల్ల గీసే మా వీధివారికీ విడిగా ఉత్తరాలు రాస్తాను. వరుసలో ముందు తమరే.

బట్టల తీగకు తేనెపిట్ట గూడు కట్టుకుంది. అది మందారంలో తేనె తాగుతుంది గాని, పిల్లల నోట్లో పురుగులూ సాలీళ్లూ పెట్టాలి. ఈ ఉదయం కరివేపాకు చెట్టు మీద వాలి, రెండు కొమ్మలు వెతికి, ఏదో ముక్కున కరుచుకుని గూటికి ఎగిరిపోయింది. ఇక తమరూ గారూ నావల్ల కాదు.

ఒరేయ్ ట్యాంకూ, ఈ జిల్లాలో పుట్టి నీ అవసరం తెలియనివాణ్ణి కాను. 2021లో నల్ల తామరపురుగు మిరప తోటల మీద పడినప్పుడు రైతులు నిన్ను వీపున మోసి మోసి నడుములు విరగ్గొట్టుకున్నారు, అప్పులు చేసి నీ కడుపు నింపారు. మందు మీద మందు మార్చి కొట్టినా ఆ పురుగు లొంగలేదు, పూత నిలవలేదు. అక్కడ చేతకాని ప్రతాపం, రెండు వారాలు ఓపిక పడితే రెక్కలొచ్చి తమ దారిన తాము పోయే తొమ్మిది ప్రాణుల మీద చూపిస్తావా? అవి తింటే చెట్టు మళ్లీ చిగురించేది. నిన్నటి నుంచి వంటింటి కిటికీ తెరవలేకపోతున్నాం.

ఇందాక మా ఆవిడ సంచీ తీసుకుని గుమ్మంలో నిలబడి, "కరివేపాకు తేవాలా, అక్కర్లేదా?" అని అడిగింది. తెమ్మన్నాను. చెట్టు మీద చేయి వేయవద్దని కూడా చెప్పాను.