వాడికి పని రాదు అనకండి

మా అబ్బాయికి ఐదేళ్లు. మొన్న బొమ్మలతో ఇల్లు ఆట ఆడుతున్నాడు. అమ్మ బొమ్మ పొయ్యి దగ్గర, నాన్న బొమ్మ కుర్చీలో. అమ్మ బొమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది. నాన్న బొమ్మ తలెత్తి చూడకుండానే తాగేసింది. ఆ తల ఎత్తకపోవడం నాది. నేనెప్పుడూ వాడికి నేర్పలేదు, వాడే చూసి పట్టుకున్నాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఎవరికైనా చెబితే వెంటనే ఒక మాట అంటారు: "మగపిల్లలు అంతేలెండి, పుట్టుకతోనే వస్తుంది." ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. పుట్టుకతో ఏ తేడాలూ రావని నేను అనడం లేదు. కానీ నీళ్లు ఎవరు తెచ్చివ్వాలన్నది ఎవరికీ పుట్టుకతో రాదు.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించాడు. ఒక పెద్దమనిషి గాలి బొమ్మను కొట్టే సినిమాను చిన్నపిల్లలకు చూపించారు. కొందరు చూసిన దాంట్లో అతనికి మెప్పు దక్కింది, కొందరు చూసిన దాంట్లో చీవాట్లు పడ్డాయి, మిగతావాళ్లు చూసిన దాంట్లో ఏమీ జరగలేదు. చీవాట్లు చూసిన పిల్లలు అతన్ని తక్కువగా అనుకరించారు, అందులోనూ ఆడపిల్లలు మరీ తక్కువ. తర్వాత "అతనేం చేశాడో చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం" అన్నారు. అప్పుడు ఆడపిల్లలు కూడా దాదాపు మగపిల్లలతో సమానంగా చేసి చూపించారు. అంటే అందరూ నేర్చుకున్నారు. ఎవరు చేస్తే చెల్లుతుందో కూడా నేర్చుకున్నారు.

అందుకే "మావాడికి ఇంటి పని రాదండీ" అంటే నేను నమ్మను. రోజూ కళ్ల ముందు జరిగేది వాడికి ఎందుకు రాదు? చీపురు ఎలా పట్టుకోవాలో వాడికి తెలుసు. పట్టుకున్న రోజు "నీకెందుకురా అది" అన్నది మనం. అదే పని చెల్లి చేస్తే మురిసిపోయిందీ మనమే. ఆ పిల్లకు మాత్రం గట్టిగా అరవడం రాదా? అరిస్తే మన మొహం ఎలా మారుతుందో చాలాసార్లు చూసింది, అంతే.

ఇంట్లో నాన్న ఒక్కడు మారితే సరిపోతుందా అంటే, అదీ అనుమానమే. డేవిడ్ పెర్రీ, కే బస్సీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన ప్రయోగంలో, పెద్దవాళ్లు వస్తువులు ఎంచుకోవడం పిల్లలు చూశారు. తమకేది కావాలో ఒక్క మనిషిని చూసి నిర్ణయించుకోలేదు. మగవాళ్లంతా ఒకటి, ఆడవాళ్లంతా ఇంకొకటి ఎంచుకుంటే, తమలాంటి వాళ్లు ఎంచుకున్నదే ఎంచుకున్నారు. ఇద్దరి ఎంపికలూ కలగలిసిపోతే ఆ తేడా పోయింది. ఇది చదివాక మా ఇల్లే గుర్తొచ్చింది. బంధువులు వచ్చినప్పుడు పెదనాన్న, బాబాయి, మావయ్య అందరూ తిని లేచి వెళ్లిపోతుంటే, నేనొక్కణ్ని గిన్నెలు కడిగితే ఏం లాభం? మగవాళ్లు కడగరు, మా నాన్న మాత్రం కడుగుతాడు అనుకుంటాడు వాడు.

ఈసారి అందరం కలిసినప్పుడు పిల్లల ముందే మా తమ్ముళ్లను సింక్ దగ్గరికి పిలిచాను. ఒకడు నవ్వి ఊరుకున్నాడు. ఇంకొకడు చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మావాడు కాసేపు మమ్మల్ని చూసి, స్టూలు లాక్కొచ్చుకున్నాడు.